మౌస్ కోసం రాసిన పాఠాలు

 

స్నాతకోత్సవాల్లో ముఖ్య అతిథులు రాబోయే టెక్నాలజీ గురించి చెబుతారు. నేను పోయినదాని గురించి చెబుతాను. దాని పేరు ఫ్లాష్. ఈ-లెర్నింగ్ రంగంలోకి వెళ్లేవాళ్లకు ఎక్కడో ఒకచోట దాని అవశేషాలు తగలక మానవు.

1996లో ఫ్యూచర్‌స్ప్లాష్ అన్న పేరుతో వచ్చి, మాక్రోమీడియా చేతుల మీదుగా 2005లో అడోబీ గూటికి చేరింది. వెబ్‌లో బొమ్మ కదలాలంటే, మాట వినిపించాలంటే అదే దిక్కుగా ఉన్న రోజులవి. బ్యాంకులు, ఆస్పత్రులు, ఫ్యాక్టరీలు తమ సిబ్బంది శిక్షణ కోర్సులన్నీ అందులోనే చేయించుకున్నాయి. 2007లో వచ్చిన ఐఫోన్ మాత్రం దాన్ని గడప తొక్కనివ్వలేదు. బ్యాటరీ తినేస్తుందని, వేలితో వాడే పరికరాలకు పనికిరాదని స్టీవ్ జాబ్స్ 2010లో బహిరంగంగానే రాశారు. మరుసటి ఏడాది అడోబీయే మొబైల్ ఫ్లాష్‌ను వదులుకుంది. 2017లో గడువు చెప్పి, 2020 డిసెంబర్ 31న మొత్తంగా సెలవు తీసుకుంది. మూడేళ్లకు పైగా వ్యవధి ఉన్నా, దక్షిణాఫ్రికా పన్నుల శాఖ ఫారాలు కొన్ని ఫ్లాష్‌లోనే ఉండిపోయాయి. వాటిని తెరవడానికి 2021 జనవరిలో ఆ శాఖ ప్రత్యేకంగా ఒక బ్రౌజరే ఇచ్చుకోవాల్సి వచ్చింది. నవ్వకండి, మన ఆఫీసుల్లో ఏమేం ఉన్నాయో ఎవరు చూశారు!

ఆ రోజుల్లో ఫ్లాష్‌లో చేసిన శిక్షణ కోర్సు ఒకటి ఫోన్‌లోకి తేవడానికి విప్పి చూద్దాం. మంటలార్పే సిలిండర్ బొమ్మ ఉంది. పిన్ను మీదికి మౌస్ తీసుకెళ్తే 'ముందు దీన్ని లాగాలి' అని చిన్న పెట్టె తెరుచుకుంటుంది. ఫోన్‌లో మౌస్ ఎక్కడిది? వేలు తాకుతుంది, లేదా తాకదు. ఊరికే పైన నిలబడటం దానికి తెలియదు. అలా దాచిన వివరమంతా ఫోన్‌లో చదివేవాడికి కనబడకుండానే పోతుంది. మంటలార్పడంలో అసలు చెప్పాల్సిన ముక్క అదే. పోనీ సరిచేద్దామంటే మూల ఫైలు ఉండదు. తయారుచేసినాయన ఉద్యోగం మారినప్పుడే అదీ పోయింది. మిగిలింది బ్రౌజర్‌కు ఇచ్చే ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైలు ఒక్కటే.

తెలుగు కోర్సులకైతే ఇంకో తలనొప్పి. యూనికోడ్ పట్టించుకోని రోజుల్లో పాత డీటీపీ ఫాంట్లతో కొట్టిన పాఠాలు తెర మీద చక్కగా కనిపిస్తాయి. కాపీ చేసి బయటికి తీస్తే మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. కన్వర్టర్లున్నాయి గానీ వత్తుల దగ్గర తడబడతాయి. చివరికి ఒకరు కూర్చుని అక్షరం అక్షరం సరిచూడాల్సిందే. ఆ మనిషి ఖర్చు ఎస్టిమేట్‌లో రాసేవాళ్లు తక్కువ.

ఎవరు ఎంతవరకు చదివారో లెక్కలు రాసే భాగం కూడా చూసుకోవాలి. స్కార్మ్ 1.2 అనే పాత ప్రమాణంలో, చదివేవాడు ఎక్కడ ఆగాడో గుర్తుంచుకోవడానికి ఉన్న చోటు 4,096 అక్షరాలే. కొత్త కోర్సు అంతకు మించి రాయబోతే కొన్ని సర్వర్లు ఒప్పుకోవు. సగం చదివి ఆపిన నర్సమ్మ మర్నాడు తెరిస్తే మళ్లీ మొదటి పేజీ.

పాత ఫైళ్లను ఆధునిక బ్రౌజర్లో ఆడించే రఫుల్ అనే ఉచిత ఎమ్యులేటర్ ఉంది. ఆటలకూ, దాచుకోవాల్సిన కళాఖండాలకూ అది గొప్ప వరం. శిక్షణ కోర్సుకు మాత్రం నేను ఒప్పుకోను. అది ఫైలును బతికిస్తుంది గానీ, మౌస్ కోసం చేసిన అమరికను వేలికి తగ్గట్టు మార్చలేదు కదా.

నా మాట వినేట్టయితే ఫెట్ సిమ్యులేషన్లు చూడండి. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. జావాలో, ఫ్లాష్‌లో ఉన్న భౌతికశాస్త్ర నమూనాలను వాళ్లు హెచ్‌టీఎంఎల్5లోకి తెచ్చేటప్పుడు బటన్‌కు బటన్ దించి ఊరుకోలేదు. వేలితో జరిపేలా మళ్లీ గీశారు. చూపు లేని పిల్లలకు కూడా అందేలా కొన్నింటికి కీబోర్డు నడక, శబ్దాలు, మాటల్లో వివరణ చేర్చారు. పాతవన్నీ తేలేదు కూడా. అలా ఆగి ఏది తేవాలో ఎంచుకోవడం నాకు నచ్చింది. మన దగ్గర స్క్రీన్‌కు ఇంతని ధర కట్టడం వల్ల, అక్కర్లేని స్క్రీన్లు కూడా భద్రంగా కొత్త ఇంటికి చేరుతున్నాయి.

పాత కోర్సును ఫోన్‌లోకి తెచ్చే పని మీకు అప్పగిస్తే, ఆ కోర్సు చదివినవాళ్లను ముందు కలవండి. ఏది గుర్తుందో, ఏది దాటవేసేవారో అడగండి. చేసిన కోర్సును ఆఫీసు వైఫైలో పెద్ద తెర మీద చూసి మురిసిపోవద్దు. కిక్కిరిసిన బస్సులో, సిగ్నల్ ఒక గీత ఉన్నప్పుడు, అద్దం పగిలిన చవక ఫోన్‌లో తెరవండి. అక్కడ ఆగిపోతే అప్పగింత తేదీ వాయిదా వేయమని మేనేజర్ని అడగండి. కాదంటారు. మళ్లీ అడగండి.

ఇక పేర్లు పిలుస్తారు. ఒక్కొక్కరే వేదిక మీదికి రండి.