కారును నిలుపు ద్రవము



పరుగెత్తించు యంత్రమును గూర్చి మనవారు విరివిగా మాటలాడుదురు; నిలుపు యంత్రమును గూర్చి అడుగువారు అరుదు. నేడు మన గ్రామములలో అనేక గృహముల ముంగిట కారు నిలిచియున్నది. మనుమడు నడుపుచుండగా మనము వెనుక కూర్చుండి తిరుమలకో శ్రీశైలమునకో పోవుచున్నాము. స్టీరింగు మన చేత లేకపోయినను మన ప్రాణములు ఆ బ్రేకు మీదనే యున్నవి. కావున దాని తత్త్వమును తెలిసికొనుట పెద్దలకు తగని పని కాదు.

వేగముగా పోవు కారును నిలుపుటకు వందల కిలోల బలము కావలెను. మన పాదమునకు అంత బలము లేదు. ఆ లోటును పూరించునది ద్రవము. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినచో ఆ ఒత్తిడి తరుగక అన్ని దిక్కులకును సమానముగ ప్రసరించును. ఈ సూత్రమును వివరించినవాడు ఫ్రాన్సు దేశీయుడైన బ్లేజ్ పాస్కల్. ఆయన గ్రంథము మరణానంతరము 1663లో అచ్చుపడినది. ఈ సూత్రముపై పనిచేయు బ్రేకులను 1921లో అమెరికాలోని డ్యూసెన్‌బర్గ్ వారు తమ కారు నాలుగు చక్రములకును అమర్చిరి.

ఒక లెక్క చూతము. పాదము 20 కిలోల బలముతో త్రొక్కినదనుకొనుడు. పెడలు ఏతపు మ్రాను వంటిది. ఆ బలమును 5 రెట్లు చేసి 100 కిలోలుగా మాస్టర్ సిలిండరులోని పిస్టనుపై మోపును. ఆ పిస్టను వైశాల్యము 4 చదరపు సెంటీమీటర్లైనచో ద్రవములో చదరపు సెంటీమీటరునకు 25 కిలోల ఒత్తిడి పుట్టును. అది సన్నని గొట్టముల గుండ చక్రము చెంతకు పోయి, అచ్చటనున్న 20 చదరపు సెంటీమీటర్ల పిస్టనును 500 కిలోల బలముతో నెట్టును. ఆ పిస్టను ప్యాడ్లను తిరుగుచున్న డిస్కునకు అదిమిపట్టగా చక్రము నిలుచును. ఈ బలము ఊరక వచ్చినది కాదు. బలమెన్ని రెట్లు పెరిగెనో, పాదము అన్ని రెట్లు ఎక్కువ దూరము కదలవలసియున్నది.

ఈ కట్టడమంతయు ద్రవము అణగదను ధర్మముపై నిలిచినది. గాలియో, అణగును. యడాగమము వచ్చినచోట సంధి లేనట్లే, ద్రవము నడుమ గాలిబుడగ చొచ్చినచోట పాదమునకును చక్రమునకును సంధి లేదు. త్రొక్కిన బలమంతయు బుడగను అణచుటకే వ్యయమగును. పెడలు దూదిని త్రొక్కినట్లుండును.

దీనిని బ్రేకు ఆయిలందురు గాని, సాధారణముగ వాడునది నూనె కాదు. గ్లైకాల్ జాతి ద్రవము. పేరును నమ్మి ఇంజను ఆయిలు పోసినచో రబ్బరు సీళ్లు ఉబ్బి చెడును. ఈ ద్రవమునకు మరియొక గుణము కలదు. గాలిలోని తేమను మెల్లమెల్లగ పీల్చుకొనును. డాట్ 4 అను రకము క్రొత్తదిగానున్నప్పుడు 230 డిగ్రీల సెంటీగ్రేడునకు లోపల మరుగరాదని నియమము, 3.7 శాతము నీరు చేరిన పిదప ఆ హద్దు 155 డిగ్రీలకు దిగును. మరిగిన ద్రవము ఆవిరియగును. ఆవిరియు గాలివలె అణగును.

ఇది ఘాటు రోడ్డులో ప్రాణాంతకము. తిరుమలలో 1944లో తెరువబడిన మొదటి ఘాటు రోడ్డు నేడు దిగుటకును, 1974 నాటి రెండవది ఎక్కుటకును ఉపయోగపడుచున్నవి. మా బంధువుల కుటుంబమొకటి ఒక ఘాటు దిగుచు, దారి పొడవునను బ్రేకు త్రొక్కుచునే వచ్చినది. సగము దూరమున పెడలు నేలకంటెను. నడుపువాడు ధైర్యము వీడక పెడలును పలుమారులు త్రొక్కుచు, గేరు తగ్గించి, చేతి బ్రేకును మెల్లగ లాగి, కొండవైపునకు చేర్చి నిలిపెను. అరగంటకు చల్లారి పెడలు యథాప్రకారము గట్టిపడినది! దోషమేమియు లేదని మరల బయలుదేరబోయిరట. ఒక వృద్ధురాలు కదలనీయలేదు. మెకానిక్ వచ్చి చూడగా ద్రవము కషాయమువలె నల్లబడియున్నది. ఐదేండ్లుగా మార్చినవారు లేరు. ఆవిరి చల్లారి ద్రవమైనంత మాత్రమున తేమ పోలేదు కదా!

కావున సామాన్యముగ రెండేండ్లకొకమారు, కారుతో వచ్చిన పుస్తకము చెప్పిన ప్రకారము, ద్రవమును మార్పింపవలెను. గాలి తీయు విధానమిది. ఒకరు పెడలును త్రొక్కి పట్టవలెను. మరియొకరు చక్రము వద్ద గాలి తీయు మరను వదులు చేయగా, దానికి తగిలించిన గొట్టము గుండ పాత ద్రవము, బుడగలు సీసాలోనికి వచ్చును. మరను బిగించిన పిదపనే పాదము తీయవలెను. ముందు తీసినచో గాలి మరల లోనికి పోవును. బుడగలు నిలిచి స్వచ్ఛమైన ద్రవము వచ్చువరకు ఇట్లు చేయవలెను. ఈలోగా పైడబ్బా ఖాళీ కారాదు. ఏ చక్రము ముందో ఏది తరువాతనో పుస్తకమే ప్రమాణము. తీసిన ద్రవమును మరల పోయరాదు. చిరకాలము మూత తెరచియున్న డబ్బాలోనిది వాడరాదు. ఇది నేర్చినవాని పని. అయినను చేయించువారికి క్రమము తెలిసియుండుట మేలు.

లక్షణములను బట్టి రోగమును గుర్తింపవచ్చును. పెడలు మెత్తబడినచో గాలి చేరినది. త్రొక్కి పట్టియుండగా మెల్లగ దిగిపోవుచున్నచో ఎచ్చటనో సీలు కారుచున్నది. రాయివలె బిగిసినచో పాదమునకు తోడ్పడు వాక్యూము సాయము తప్పినది. డబ్బాలో మట్టము మెల్లగ తగ్గినచో ప్యాడ్లు అరుగుచుండవచ్చును; తటాలున తగ్గినచో కారుటయే. నేటి కార్లలో గొట్టములు రెండు వరుసలుగ నుండుటచే ఒకటి చెడినను రెండవది కొంత ఆదుకొనును. అయినను ఎఱ్ఱదీపము వెలిగినప్పుడు కారును నడుపరాదు.

దిగునప్పుడు తక్కువ గేరులో దిగవలెను. పెట్రోలు మిగులునని ఇంజను ఆర్పి జారవిడుచుట మహాపాయము. రెండు మూడు మారులు త్రొక్కినంతనే వాక్యూము సాయము తీరిపోవును.

ప్రయాణమునకు ముహూర్తము చూచు పెద్దలు, బ్రేకు ఆయిలు మార్చిన తేదీని గూడ ఒకమారు అడుగుదురు గాక.