ఈ వేడి ఎప్పటిది?



నేను రాళ్లనూ సముద్రపు బురదనూ చదువుకున్న మనిషిని. అందుకే పట్టాలు అందుకుంటున్న మీకు ఇసుక రేణువంత జీవి కథ ఒకటి చెబుతాను. దాని పేరు ఫొరామినిఫెరా. ఒంట్లో ఉన్నది ఒకటే కణం, చుట్టూ సున్నపు పెంకు. నీరు చల్లబడేకొద్దీ ఆ పెంకులో బరువైన ఆక్సిజన్-18 పాలు పెరుగుతుంది. కాబట్టి పాత పెంకు దొరికితే, అది బతికిన నాటి సముద్రం ఎంత వెచ్చగా ఉండేదో లెక్క కట్టవచ్చు.

చిక్కంతా అది చచ్చిపోయాకే. పెంకు అడుక్కి జారుతుంది. నాలుగైదు కిలోమీటర్ల లోతు దాటిందా, చాలాచోట్ల సున్నం కరిగి ఆనవాలే మిగలదు. అంతకు పైన బురదలో చిక్కినవి నిలుస్తాయి. కానీ ఆ బురదలోని చల్లని నీరు పాత స్ఫటికాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తూ, ఆ చోటే కొత్తది పేరుస్తూ పోతుంది. గదులూ రంధ్రాలూ ఎప్పటిలాగే కనిపిస్తాయి, లోపలి సరుకు మాత్రం మారిపోతుంది. చచ్చిన జీవికి మట్టిలో ఏమవుతుందో వెతికే చదువుకు 1940లో రష్యన్ శాస్త్రవేత్త ఇవాన్ యెఫ్రెమోవ్ 'టాఫోనమీ' అని పేరు పెట్టాడు. గ్రీకులో 'టాఫోస్' అంటే సమాధి.

ఆ మార్పు ఎలా మోసం చేస్తుందో చూడండి. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట, ఈయోసీన్ కాలంలో, ఉత్తర ధ్రువానికి దగ్గరలోని ఎల్స్‌మియర్ దీవిలో మొసలి జాతి జంతువులు తిరిగేవి. అక్కడే అంత వెచ్చగా ఉంటే భూమధ్యరేఖ దగ్గర ఎంత వేడి ఉండాలి? లోతు సముద్రపు అడుగున దొరికిన పెంకులు మాత్రం భూమధ్యరేఖ దగ్గరి పైనీరు ఇప్పటికన్నా చల్లగా ఉండేదని చెప్పాయి. వాతావరణ నమూనాలకు ఈ ముడి వీడలేదు.

2001లో శాస్త్రవేత్త పాల్ పియర్సన్ బృందం టాంజానియా తీరపు బంకమట్టిలో దొరికిన ఆ కాలపు పెంకులను పరీక్షించింది. ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు ఆ మట్టి వాటిని కాపాడింది. సూక్ష్మదర్శిని కింద అవి గాజుపూసల్లా మెరిశాయి. లోతు సముద్రపువేమో పటికబెల్లం పలుకుల్లా తెల్లబారినవి. గాజుపెంకులు చెప్పిన వేడి 28 నుంచి 32 డిగ్రీలు! అంతకుముందు లెక్క కట్టినవారు తప్పు చేయలేదు, వాళ్ల యంత్రాలూ తప్పు చూపలేదు. సాక్షే మారిపోయాడు. పైనీటి వేడి చెప్పాల్సిన పెంకు, తనను పాతిపెట్టిన అడుగునీటి చలిని చెప్పింది.

రేపటి నుంచి మీ బల్లల మీదికి నివేదికలు వస్తాయి, రికార్డులు వస్తాయి, పాత అంకెలు వస్తాయి. ఆకారం చక్కగా ఉందని సంతకం పెట్టేయకండి. అది పుట్టిన చోటి నుంచి మీ చేతికి వచ్చేదాకా ఏయే నీళ్లలో నానిందో కనుక్కోండి. ఈ వేడి ప్రాణమున్నప్పటిదా, పాతిపెట్టాకదా అని ఒక్కసారి అడగండి. ఆ తర్వాతే సంతకం పెట్టండి.