అడ్తిదారుకు లైసెన్సు, ఢిల్లీ పైరవీకారుకు ఏదీ?

(కాశిబుగ్గలో కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మన పక్కనే ఎనుమాముల మార్కెట్. అక్కడ అడ్తిదారుకు లైసెన్సు ఉండాలె. తూకం, ధర చీటీ మీద రాయాలె. మరి విదేశీ కంపెనీల తరఫున ఢిల్లీల మంత్రుల చుట్టూ తిరిగే పైరవీకారుకు? లైసెన్సు లేదు, చీటీ లేదు.

అమెరికాల 1938లోనే చట్టం చేసిండ్రు. పరాయి ప్రభుత్వాల కోసం అక్కడ పైరవీ చేసేటోడు పేరు నమోదు చేసుకోవాలె, పైస ఎవరిచ్చిండ్రో చెప్పాలె. కంపెనీల పైరవీకి వేరే చట్టం ఉన్నది. దాని కిందనే వాల్‌మార్ట్ లెక్క దాఖలు చేసింది. 2008 నుంచి సుమారు రెండున్నర కోట్ల డాలర్లు పైరవీకి పెట్టిందట. అందుల ఇండియా మార్కెట్ల అడుగుపెట్టే పని గూడ ఉన్నది. 2012 డిసెంబరుల మన పార్లమెంటు అట్టుడికింది. 2013ల రిటైర్డు జడ్జితో విచారణ వేసిండ్రు. మన దేశం సంగతి మనకు అమెరికా కాయితాలు చెప్పినయి! పైరవీకార్ల నమోదుకు మన దగ్గర చట్టం ఇయ్యాల్టికీ లేదు.

ఇది వాల్‌మార్ట్ ముచ్చటేనా? కాదు, మన చేనుదాకా వచ్చిన ముచ్చట. 2002ల బీటీ పత్తికి అనుమతిచ్చిండ్రు. వరంగల్ రైతులు నష్టపోయిండ్రు. 2005ల మహికో-మోన్‌శాంటో మూడు రకాలకు ఆంధ్రప్రదేశ్‌ల అనుమతి నిలిపేసిండ్రు. అదే 2005ల ఇండియా, అమెరికా వ్యవసాయ విజ్ఞాన ఒప్పందం ప్రకటించిండ్రు. దాని బోర్డుల అమెరికా తరఫున మోన్‌శాంటోకూ, వాల్‌మార్ట్‌కూ కుర్చీ దొరికింది. కౌలుకు పత్తి వేసే మాల, మాదిగ రైతుకు ఆ బల్ల దగ్గర కుర్చీ ఏదీ? అయినా సర్కారు గట్టిగ నిలబడితే ఏమైతదో గూడ చూసినం. 2006ల రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య కమిషన్‌కు పోతే విత్తన ప్యాకెట్ ధర 750 రూపాయలకు దిగింది.

ఇగ రెండో వైపు చూడుండ్రి. విదేశీ విరాళాల చట్టం 1976ల, ఎమర్జెన్సీల పుట్టింది. 2020 సవరణతోని ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు ఇయ్యరాదు. ఖాతా ఢిల్లీ స్టేట్ బ్యాంకులనే తెరవాలె. వాడల రాత్రిబడి నడిపే చిన్న సంఘానికి దారి మూసుకున్నది. మన సంఘాలకు లెక్క వద్దంటలేను. లెక్క చెప్పాలె. కానీ పార్టీలకో?

కాంగ్రెస్, బీజేపీ రెండూ వేదాంత గ్రూపు కంపెనీల విరాళాలు తీసుకొని ఈ చట్టాన్ని ఉల్లంఘించినయని 2014 మార్చిల ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కేసు వేసినోళ్ళల్ల మన తెలుగాయన, మాజీ ఐఏఎస్ ఈ.ఎ.ఎస్. శర్మ ఒకరు. అప్పుడేం జేసిండ్రు? 2016ల ఆర్థిక బిల్లుల చట్టం అర్థమే మార్చిండ్రు. 2018ల ఆ మార్పును 1976 దాకా వెనక్కి జరిపిండ్రు. వాళ్ళ తప్పుకు చట్టం వంగింది. మన తప్పుకు చట్టం వంగుతదా?

అందుకే మూడు మాటలు అడుగుదాం. పైరవీకార్లు నమోదు కావాలె. మంత్రులు, అధికారులు ఏ కంపెనీని ఎప్పుడు, దేనికి కలిసిండ్రో బయట పెట్టాలె. పార్టీల చందా ఇచ్చినోళ్ళ పేర్లతో సహా చెప్పాలె.

ఊర్లకు పోయినంక ఒక్క పని చేయుండ్రి. 2005 సమాచార హక్కు చట్టం కింద వ్యవసాయ శాఖకు దరఖాస్తు పెట్టుండ్రి. ఈ విత్తనం ఎవరు సిఫారసు చేసిండ్రు? ఆ కమిటీల కంపెనీ మనుషులు ఎవరున్నరు? ముప్పై రోజులల్ల జవాబియ్యాలె. దారిద్ర్యరేఖ కింద ఉన్నోళ్ళకు ఫీజు గూడ లేదు. జవాబొస్తే ఊరందరి ముందట చదువుండ్రి. రాకపోతే అప్పీలు చేయుండ్రి.

జైభీం!