లోతును బట్టి లెక్క కట్టాలి
(కమలాపురంలో జరిగిన మండల రైతుల సమావేశంలో రైతు సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఉచిత కరెంటు మాట వచ్చినప్పుడల్లా మనం వినేది ఒకటే. రైతులకు వేల కోట్లు సబ్సిడీ పోతోంది, డిస్కంలు అప్పుల్లో మునుగుతున్నాయి అంటారు. ఆ ఖర్చు మన సీమలోనే ఎందుకు ఎక్కువవుతోంది? దాన్ని తగ్గించే పనులకు ప్రభుత్వం డబ్బు పెడుతోందా, లేదా? ఈ రెండు ప్రశ్నలు మాత్రం ఎవరూ అడగరు. ఈ రోజు వాటి మీదే మాట్లాడుకుందాం.

ముందు ఒక లెక్క చూడండి. ఎకరంలో ఒక అంగుళం నీళ్ళు పారాలంటే సుమారు లక్షా మూడు వేల లీటర్లు కావాలి. మోటరు, పైపుల నష్టాలు పోను మనం కాల్చే కరెంటులో నూటికి 40 పాళ్ళు పనికొస్తుందనుకుందాం. నీళ్ళు 100 అడుగుల లోతులో ఉంటే ఆ తడికి 21 యూనిట్లు అవుతాయి. 800 అడుగుల నుంచి తోడాలంటే 170 యూనిట్లు అవుతాయి. లెక్క కోసం యూనిట్ ఏడు రూపాయలు వేసుకోండి. ఒక రైతు తడికి 150 రూపాయలు, ఇంకో రైతు తడికి 1,200 రూపాయలు. కేసీ కాలువ కింద నీళ్ళందే రైతుకు అసలు మోటరే అక్కరలేదు.

పాపాఘ్ని, పెన్నా ఒడ్డున ఉన్న పొలాలకూ, మెరక మీద ఉన్న పొలాలకూ తేడా మనందరికీ తెలుసు. సీమలో వెయ్యి అడుగులు దాటిన బోర్లు కూడా కొత్త కాదు. మనం కరెంటు ఎక్కువ కాలుస్తున్నామంటే సోకు కోసం కాదు, నీళ్ళు అంత కిందికి పోయినాయి కాబట్టి. దీన్ని రైతు దుబారా అనడం అన్యాయం. ఇది ఈ నేల మీద సేద్యం చేయడానికి అయ్యే ఖర్చు.

ఖర్చు ఎక్కువున్న చోట ప్రభుత్వం ఎక్కువ డబ్బు పెట్టాలనేది మేము కొత్తగా పుట్టించిన మాట కాదు. అమెరికాలో ఇళ్ళ ఇంధన ఖర్చు దేశ సగటుకు 275 శాతం దాటిన పల్లెలకు ప్రత్యేకంగా గ్రాంటు ఇచ్చే పథకం ఉంది. డీజిల్ జనరేటర్ల మీద బతికే అలాస్కా ఊళ్ళలాంటివి దాని కిందికి వస్తాయి. ముందు ఖర్చు కొలుస్తారు, ఆ తర్వాత డబ్బు ఇస్తారు.

అంత దూరం పోనక్కర లేదు. మన దేశంలోని పీఎం కుసుమ్ పథకమే చూడండి. 2019లో మొదలైంది, గడువు 2026 మార్చి దాకా పొడిగించారు. అందులో సౌర మోటరుకు కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం ఇస్తాయి, రైతు వాటా 40 శాతం. ఈశాన్య రాష్ట్రాలకు, హిమాచల్, ఉత్తరాఖండ్ లాంటి కొండ ప్రాంతాలకు మాత్రం కేంద్రం 50 శాతం ఇస్తుంది. మంచిదే, వాళ్ళ కష్టం వాళ్ళది. కొండ ఎత్తును గుర్తించిన పథకం మన బోరు లోతును ఎందుకు గుర్తించదు? పైగా ఆ సబ్సిడీ 7.5 హెచ్‌పీ మోటరు దాకే లెక్క కడతారు. అంతకన్నా పెద్ద మోటరు పెట్టుకుంటే పై ఖర్చు రైతు నెత్తినే. 800 అడుగుల బోరున్న రైతుకు ఈ పథకం ఎంతవరకు అక్కరకొస్తుందో మీరే ఆలోచించండి.

ఇక మీటర్ల సంగతి. రాష్ట్రాలు అదనంగా అప్పు చేసుకోవాలంటే విద్యుత్ సంస్కరణలు చేయాలని 2020 మేలో కేంద్రం షరతు పెట్టింది. రైతుకు సబ్సిడీని నగదు బదిలీ చేయడం అందులో ఒకటి. ఆ సెప్టెంబరులోనే మన రాష్ట్రంలో వ్యవసాయ మోటర్లకు మీటర్లు పెట్టాలని జీవో వచ్చింది, శ్రీకాకుళం జిల్లాలో మొదలుపెట్టారు. తర్వాత 2021లో కేంద్రం ఆర్‌డీఎస్‌ఎస్ అనే పెద్ద పథకం తెచ్చింది. మొత్తం 3,03,758 కోట్లు, అందులో కేంద్రం వాటా 97,631 కోట్లు. ఆ పథకంలో రెండు సంగతులు గుర్తు పెట్టుకోండి. ఒకటి, వ్యవసాయ కనెక్షన్లు ఊరికి దూరంగా చెల్లాచెదురుగా ఉంటాయి కాబట్టి వాటికి ఫీడరు దగ్గర మీటరు చాలని కేంద్రమే చెప్పింది. రెండు, మనలాంటి రాష్ట్రాలకు ప్రీపెయిడ్ మీటరుకైతే 15 శాతం, అదీ 900 రూపాయలు దాటకుండా ఇస్తారు. లైన్లు బాగు చేయడానికి, వ్యవసాయ ఫీడర్లు వేరు చేయడానికైతే 60 శాతం దాకా గ్రాంటు ఇస్తారు. ఎక్కువ గ్రాంటు వచ్చేది లైన్లకు. మన అవసరం కూడా లైన్లే. బోరు బోరుకూ మీటరు బిగించడం మీద ఉన్న ఆత్రం లైన్ల మీద ఎందుకు లేదు?

మీటరు పెడితే 170 యూనిట్లు అని రాసి ఇస్తుంది. ఆ 170ని 120కి దించే పని మీటరు చేయదు. దించే పనులు వేరే ఉన్నాయి.

మొదటిది లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు. సబ్‌స్టేషన్ నుంచి ఆఖరి బోరు దాకా పొడుగాటి లైను, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద మోయలేనన్ని మోటర్లు. వోల్టేజి పడిపోతుంది, మోటరు కాలిపోతుంది, రివైండింగుకు మళ్ళీ అప్పు. 16, 25 కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు రెండు మూడు మోటర్లకు ఒకటి చొప్పున పెడితే నష్టం తగ్గుతుందని ఇంజినీర్లే చెబుతారు. ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మనమే తలా ఇంత వేసుకుని, ట్రాక్టరు బాడుగ పెట్టుకుని మోసుకుపోతున్నాం. పల్లెల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో మార్చాలని విద్యుత్ నియంత్రణ మండలి నిబంధన ఉంది. చీనీ తోట నాలుగైదేళ్ళు పెంచితే గానీ కాపుకు రాదు. మే నెలలో తడి తప్పితే ఆ కష్టమంతా పోతుంది.

రెండోది ఫీడరు మొత్తానికి సౌర విద్యుత్. కుసుమ్‌లోనే దీనికి వీలుంది, మెగావాట్‌కు 1.05 కోట్ల దాకా కేంద్రం ఇస్తుంది. ఇందులో రైతు వాటా కట్టనక్కర లేదు, ఉన్న మోటరు మార్చనక్కర లేదు, పగటి పూటే కరెంటు వస్తుంది. రాత్రిపూట పాములు, తేళ్ళ మధ్య మడికి పోయే బాధ తప్పుతుంది. అదే పథకంలో సబ్‌స్టేషన్‌కు దగ్గర్లో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా ప్లాంట్లు పెట్టడానికి రైతులు, సహకార సంఘాలు, పంచాయతీలు కూడా అర్హులే. పెద్ద కంపెనీలకు ఇచ్చే ముందు మన సంఘాలను అడగాలి, బ్యాంకు అప్పుకు ప్రభుత్వం పూచీ ఉండాలి.

మూడోది నీళ్ళు. భూగర్భ జలం 800 అడుగుల నుంచి 700కు లేచినా ఎకరం తడికి 21 యూనిట్లు మిగులుతాయి. అది ఏటా మిగులుతుంది, ప్రతి బోరుకూ మిగులుతుంది. గండికోట, వామికొండ, సర్వరాయసాగర్ నీళ్ళతో చెరువులు నింపడం, పిల్ల కాలువలు పూర్తి చేయడం, డ్రిప్పుకు సబ్సిడీ సకాలంలో ఇవ్వడం కూడా కరెంటు పొదుపు పథకాలే. విద్యుత్ శాఖ, నీటిపారుదల శాఖ ఈ లెక్క కలిసి వేయాలి.

కరెంటు మన దగ్గర పుట్టదా అంటే, పుడుతుంది. పక్కనే ఎర్రగుంట్ల మండలంలో రాయలసీమ థర్మల్ కేంద్రం 1,650 మెగావాట్లు. ఓర్వకల్లు దగ్గర గని, శకునాల భూముల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు. భూములు మనవి, బూడిద మనది, ఎండ మనది. దీపం కింద చీకటి అన్నట్టు, లో వోల్టేజీ కూడా మనకేనా?

2014 రాష్ట్ర విభజన చట్టంలో రాయలసీమ, ఉత్తరాంధ్రలకు ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీ అన్నారు. బుందేల్‌ఖండ్ తరహాలో ఇస్తామని పార్లమెంటులో చెప్పి, జిల్లాకు ఏడాదికి 50 కోట్ల లెక్కకు దించారు. ఆ మాట ఇంకా బాకీ ఉంది.

అందుకే మేము అడుగుతున్నది ఇది. కుసుమ్ సబ్సిడీని బోరు లోతును బట్టి కట్టాలి, కరువు జిల్లాలకు కొండ రాష్ట్రాలతో సమానంగా 50 శాతం ఇవ్వాలి, 7.5 హెచ్‌పీ హద్దు తీసేయాలి. ఆర్‌డీఎస్‌ఎస్ డబ్బు ముందుగా సీమ వ్యవసాయ ఫీడర్లకు పెట్టాలి. వ్యవసాయ మోటర్లకు మీటర్లు వద్దు, ఫీడరు మీటరు లెక్కను గ్రామసభ ముందు పెట్టాలి. పగటిపూట 9 గంటల కరెంటు కోత లేకుండా ఇవ్వాలి.

మన వంతు పని కూడా ఉంది. ప్రతి ఊళ్ళో బోర్లు ఎన్ని, ఎంత లోతు, మోటరు ఎన్ని హెచ్‌పీ, ఏడాదిలో ఎన్నిసార్లు కాలింది, ఒక నోటుబుక్కులో రాయండి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిన రోజే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. 48 గంటలు దాటితే కాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకోండి. అప్పటికీ కదలకపోతే తిరుపతిలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాయండి, సంఘం మీ వెంట ఉంటుంది. నియంత్రణ మండలి ఏటా చార్జీల మీద బహిరంగ విచారణ పెడుతుంది. ఈసారి అక్కడికి ఈ నోటుబుక్కులతో పోదాం.

ఉచిత కరెంటు ఎవరో దానమిచ్చింది కాదు. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద పోరాడుతూ రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి పోలీసు కాల్పుల్లో ప్రాణాలిచ్చారు. ఆ పోరాటం తర్వాతే 2004 మే 14న ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పడింది. దాన్ని నిలబెట్టుకోవాలంటే మన ఖర్చు ఎందుకు ఎక్కువో మనమే లెక్కతో చెప్పాలి. వచ్చే నెల సమావేశానికి ప్రతి ఊరి నుంచి ఒక నోటుబుక్కు రావాలి.