పదహారు అట్టలు, నాలుగు కన్నాలు

  మాకిచ్చింది పది నిమిషాలే. శోళవరంలో ఈ వేసవిలో పిల్లలతో చేసిన ఒక్క పని గురించే చెప్తాం.

ఆదివారాలు తెలుగు నేర్పుదామని పిల్లల్ని కూర్చోబెట్టాం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం రాదు. 2006 చట్టం తర్వాత బడిలో తమిళం తప్పనిసరి. ఈ నేల మీద బతుకుతున్నాం, తమిళం రావాల్సిందే, అందులో మాకు పేచీ లేదు. దాని పక్కన తెలుగు నిలబడకపోవడమే మా బాధ. అక్షరమాల వల్లె వేయిస్తే రెండో వారానికే సగంమంది మానేశారు. తప్పు మాదే. అప్పుడు పుస్తకాలు పక్కనపెట్టి కత్తెర, అట్టలు తెచ్చాం.

చేసింది ఇది. ఒకే కొలతకు పదహారు అట్టముక్కలు కోశాం. ఒక్కొక్కదాని పై అంచున పంచింగ్ మిషనుతో నాలుగేసి కన్నాలు. కన్నాల విలువలు 1, 2, 4, 8. అట్ట మీద ఒక మాట, దానికో వరుస సంఖ్య, 0 నుంచి 15 దాకా. సంఖ్యలో ఏ విలువలు కలుస్తాయో ఆ కన్నాలను అంచుదాకా కత్తిరించి తెరిచేయాలి. 'పడుగు' సంఖ్య 10, అంటే 8, 2. ఆ రెండూ తెరుస్తాం, మిగతా రెండూ మూసే ఉంటాయి.

ఇప్పుడు అట్టలన్నీ కలిపేసి పెట్టెలో నిలబెట్టండి. 1 కన్నంలోంచి సైకిల్ స్పోకు దూర్చి ఎత్తండి. మూసిన కన్నాలవి స్పోకుతో లేస్తాయి, తెరిచినవి పెట్టెలో ఉండిపోతాయి. లేచినవాటిని అలాగే ముందు పెట్టండి. తర్వాత 2, తర్వాత 4, తర్వాత 8. నాలుగోసారికి పదహారూ వరుసలో ఉంటాయి. ఐదు కన్నాలుంటే ముప్పై రెండు అట్టలు, పది ఉంటే వెయ్యిన్నిరవై నాలుగు. ఇది మా కనిపెట్టుడు కాదు. కంప్యూటర్లు రాకముందు ఆఫీసుల్లో, గ్రంథాలయాల్లో ఇలా అంచు కోసిన అట్టలు వాడేవారు.

మొదటిసారి పని చెయ్యలేదు. పెళ్లిపత్రికల అట్టలు వాడాం, వంగిపోయాయి. కన్నాలు తలా ఒక చోట పడ్డాయి. తర్వాత చీర మడతలో పెట్టే అట్టలు తెచ్చి, ఒక మచ్చు అట్ట పైన పెట్టి కన్నాలు వేస్తే కుదిరింది. అట్ట తిరగబడితే తెలియడానికి అన్నిటికీ కుడి మూల కోసేశాం. పెట్టె కూడా అట్టల కంటే కొంచెమే వెడల్పుండాలి. లేకపోతే మిగిలినవి పక్కకు ఒరిగి కలిసిపోతాయి, అంతకుముందు చేసిందంతా వృథా.

ఇదంతా గుమ్మంలో కూర్చుని చూస్తున్న ఒక తాతగారు, "ఇది మన జకార్డే కదరా, తలకిందులుగా" అన్నారు. నిజమే. జకార్డు అట్టలో కన్నం ఉన్నచోట సూది లోపలికి పోతుంది, కొక్కెం లేస్తుంది, దారం లేస్తుంది. కన్నం లేనిచోట అట్ట సూదిని తోసేస్తుంది, దారం కిందే ఉంటుంది. ఇక్కడేమో కన్నం మూసి ఉంటే అట్ట లేస్తుంది. 1804లో ఫ్రాన్సులో జకార్డ్ పెట్టిన ఆ మగ్గం అట్టలనే తర్వాత ఛార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రం ఆలోచనకు తీసుకున్నాడు. కంప్యూటరు చదువుతున్న మా పెద్దపిల్లలకు ఇది తెలియదు. వాళ్ల తాతలు ఆ అట్టలు వరుసగా కుట్టినవాళ్లు. ఒక్క అట్ట తారుమారైతే పువ్వు చెడిపోతుందని చెప్పగలిగింది ఆయనొక్కరే.

మాటలు ఎంచుకోవడం దగ్గర అసలు కథ మొదలైంది. పెద్దలే చెప్పాలన్నాం. వాళ్లకీ వెంటనే రాలేదు! ఇన్నేళ్లూ మగ్గం దగ్గర 'పావు', 'ఊడై' అంటూ వచ్చాం, పడుగు అనే మాట తడుముకోవాల్సొచ్చింది. 'పేక' అనగానే పిల్లలు పేకముక్కలనుకుని నవ్వారు. నాడె విసిరే చెయ్యి గాల్లో చూపిస్తే గానీ అడ్డదారం సంగతి వాళ్లకు అర్థం కాలేదు. చివరికి తేలినవి: అంచు, ఆసు, కండె, కొంగు, గంజి, గుంట, చిలప, జరీ, నాడె, నూలు, పడుగు, పన్నె, పేక, బుటా, మగ్గం, రాట్నం.

వరుస సంఖ్యలు వెయ్యాలంటే అక్షరక్రమం కావాలి. ఒక పాప 'గంజి'ని 'కండె' పక్కన పెట్టి, రెండూ ఒకే అక్షరం కదా అంది. తమిళంలో కకు, గకు ఒకటే రాత. ఆ అమ్మాయి తప్పేం లేదు. ఆ ఒక్క ప్రశ్న మీద పూట గడిచింది. క, ఖ, గ, ఘ నోటితో పలికించి, గొంతు మీద చెయ్యి పెట్టించి తేడా చూపించాం. వల్లె వేసేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్న అది. అట్ట తప్పుచోట పడితే పెట్టె ఊరుకోదు కాబట్టి అడిగింది.

మానేసినవాళ్లలో నలుగురు తిరిగొచ్చారు. అందరూ రాలేదు. వచ్చే వేసవికి ముప్పై రెండు అట్టలు చెయ్యాలని ఉంది, ఇంకా పదహారు మాటలు కావాలి. తిరుత్తణి వైపు ఇంకా మగ్గం ఆడుతున్న ఇళ్లవాళ్లు మీ ఇంట్లో వాడే మాట ఏదైనా సరే చీటీ మీద రాసి ఇవ్వండి. తమిళ అక్షరాల్లో రాసినా పర్లేదు, తెలుగులోకి మా పిల్లలు మారుస్తారు. పెట్టె భోజనాల హాలు గుమ్మం పక్క బల్ల మీద ఉంది, ఎత్తి చూడండి. స్పోకు కొస మాత్రం చిన్నపిల్లల కళ్లకు తగలకుండా చూసుకోండి.