కొత్త బండి ఒక పక్కకు ఒరిగితే



ఈ రోజు విషయం పికప్ బండి. పల్లెల్లో ఎడ్లబండ్లు తగ్గిపోయాయి. టమాటాలు మార్కెట్టుకు పోవాలన్నా, పాల క్యాన్లు డెయిరీకి చేరాలన్నా పికప్పే దిక్కు. 2005లో టాటా ఏస్ బజారుకు వచ్చాక చిన్న రైతులు, డ్రైవర్లు కూడా అప్పు తెచ్చి సొంత బండి కొనుక్కోవడం పెరిగింది. బండి అంటే ఇంటికి అన్నం పెట్టేది. అందులో లోపం ఉంటే ఇల్లు గుల్లవుతుంది.

మదనపల్లె దగ్గర ఒక టమాటా రైతు ఉన్నాడనుకుందాం. బ్యాంకు అప్పుతో కొత్త పికప్ కొన్నాడు. కొబ్బరికాయ కొట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. షోరూములో ఒక కాగితం చూపించి, "ఇక్కడ సంతకం పెట్టన్నా" అన్నారు. పెట్టేశాడు. "బండిని చూసుకున్నాను, ఏ లోపమూ లేదు" అని అందులో రాసి ఉంది. ఆయన చదవలేదు.

బండి వాకిట్లో ఆగింది. భార్య వెనక నుంచి చూసి, "ఏమయ్యా, బండి ఎడం పక్కకు ఒరిగినట్టుందే?" అంది.

"కొత్త బండికి ఏం జబ్బు? నేల ఎగుడు దిగుడుగా ఉంది" అన్నాడాయన.

మూడు నెలలు గడిచాయి. టైరు ఒక అంచునే అరిగిపోయింది. బండి ఒక పక్కకు లాగుతోంది. షోరూముకు పోతే, "లోడు ఎక్కువేసుంటావు. అందుకే కుంగింది. అది మా తప్పు కాదు" అన్నారు. మొదటి రోజే ఒరిగి ఉందని చెప్పడానికి ఆయన దగ్గర రుజువు లేదు. బ్యాంకు కంతు మాత్రం నెల నెలా కట్టాల్సిందే.

భార్య కన్ను సరిగ్గానే చూసింది. ఆమె మాట విని ఆ రోజే టేపు పట్టి కొలిచి, కాగితం మీద రాసుకుని ఉంటే కథ వేరుగా ఉండేది.

కొత్త బండి ఎందుకు ఒరుగుతుంది? పికప్ వెనక బరువును మోసేవి కమాను కట్టలు. వంచిన ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి కమాను కట్ట చేస్తారు. ఉక్కును కొలిమిలో కాల్చి, వంచి, నూనెలో చల్లార్చి గట్టిపరుస్తారు. ఎంత జాగ్రత్తగా చేసినా రెండు కట్టల వంపు అచ్చంగా ఒకటిగా రాదు. కొంచెం తేడాను కంపెనీలు ఒప్పుకుంటాయి. కాని ఒక పక్క బాగా వంపు ఉన్న కట్ట, రెండో పక్క వంపు తక్కువ ఉన్న కట్ట పడితే బండి ఒరుగుతుంది.

బిగింపులో కూడా తప్పు జరగవచ్చు. కమాను కట్టను ఇరుసుకు యూ బోల్టులు పట్టి ఉంచుతాయి. అవి సమంగా బిగియకపోయినా, కట్ట నడుమ ఉండే సెంటర్ బోల్టు తన గుంటలో కూర్చోకపోయినా ఇరుసు వంకరగా నిలుస్తుంది. అప్పుడే బండి ఒక పక్కకు లాగేది, టైర్లు అరిగేది. కమాను చివర్లలో రబ్బరు బుష్షులు ఉంటాయి. చక్రాలు గాలిలో వేలాడుతున్నప్పుడే వాటిని గట్టిగా బిగిస్తే, రబ్బరు మెలిపడి కమానును సరిగా దిగనివ్వదు.

కొన్నిసార్లు కమాన్లు బాగానే ఉంటాయి. ఛాసిస్ మీద తొట్టిని వంకరగా బిగించి ఉంటారు. ఛాసిస్ రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉండి, తొట్టి మాత్రమే ఒరిగితే తప్పు తొట్టి బిగింపుదే.

ప్రతి ఒరుగూ లోపం కాదు. డీజిల్ ట్యాంకు ఒక పక్కనే ఉంటుంది. బ్యాటరీ ఒక పక్కనే ఉంటుంది. ఒక టైరులో గాలి తగ్గినా బండి ఒరిగినట్టు కనపడుతుంది. అందుకే కంటితో చూస్తే చాలదు. కొలవాలి.

కొలిచే పద్ధతి ఇది. బండిని సిమెంటు చేసిన చదును నేల మీద ఆపాలి. పెట్రోలు బంకు నేల అయినా సరే. తొట్టి ఖాళీగా ఉండాలి. లోపల ఎవరూ కూర్చోకూడదు. నాలుగు టైర్లలో కంపెనీ చెప్పినంత గాలి ఉండాలి. చక్రం నడి మధ్య నుంచి, సరిగ్గా దాని పైన ఉన్న మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలవాలి. వెనక మడ్‌గార్డు లేకపోతే తొట్టి అంచు దాకా కొలవాలి. నాలుగు చక్రాల దగ్గరా కొలిచి రాయాలి. బండిని తిప్పి, ఎదురు దిక్కుగా నిలిపి మళ్ళీ కొలవాలి. నేలలో వాలు ఉంటే అప్పుడు తెలిసిపోతుంది.

ఎడమ వెనక 41 సెంటీమీటర్లు, కుడి వెనక 44 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. తేడా 3 సెంటీమీటర్లు. ఈ బండికి ఎంత తేడా దాకా సరో చెప్పమని షోరూమును అడగాలి. జవాబు కాగితం మీద ఇమ్మనాలి.

తలుపుల సందులు కూడా చూడాలి. పైన ఇరుకు, కింద వెడల్పు ఉంటే తలుపు సరిగా కూర్చోలేదన్నమాట. వానకు నీళ్ళు లోపలికి వస్తాయి. వెనక తలుపు గొళ్ళెం తేలిగ్గా పడుతుందో లేదో చూడాలి. ఇవన్నీ సంతకానికి ముందే చేయాలి. లోపం కనపడితే ఆ కాగితం మీదే రాసి, దాని కింద సంతకం పెట్టాలి.

ఫిర్యాదు తేలేదాకా బయట మెకానిక్ చేత అదనపు కమాను పట్టీ వేయించకూడదు. వేయిస్తే రుజువు పోతుంది. వారంటీ కూడా పోవచ్చు. లోడు హద్దు దాటకూడదు. ఆర్.సి.లో ఖాళీ బండి బరువు, లోడుతో కలిపి ఉండదగిన మొత్తం బరువు రాసి ఉంటాయి. రెండో దానిలోంచి మొదటిది తీసేస్తే ఎంత మోయవచ్చో తెలుస్తుంది. ఆ బరువులో డ్రైవరూ, పక్కన కూర్చున్నవాళ్ళూ లెక్కకు వస్తారు. కాటా చీటీలు దాచుకుంటే, "లోడు ఎక్కువేశావు" అన్న మాటకు అవే జవాబు.

షోరూము వినకపోతే ఏం చేయాలి? 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. "సరుకులు మోసే బండి వ్యాపారానిది, నీకు ఆ చట్టం వర్తించదు" అని ఎవరైనా అంటే భయపడవద్దు. సొంతంగా కష్టపడి బతకడానికే కొనుక్కున్న బండి అయితే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం అతన్ని కూడా వినియోగదారుడిగానే చూస్తుంది. తాను ఉండే జిల్లాలోనే ఫిర్యాదు పెట్టవచ్చు. వకీలు లేకపోయినా పరవాలేదు. కొన్న ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు. 5 లక్షలు దాటి 10 లక్షల దాకా 200 రూపాయలు. తగాదా మొదలైన రోజు నుంచి 2 సంవత్సరాల లోపు ఫిర్యాదు చేయాలి.

ఫిర్యాదుకు పెద్ద భాష అక్కరలేదు. ఇలా రాస్తే చాలు:

"ఫలానా తేదీన మీ దగ్గర కొత్త పికప్ కొన్నాను. అదే రోజు ఖాళీ బండిని చదును నేల మీద కొలిచాను. ఎడమ వెనక 41, కుడి వెనక 44 సెంటీమీటర్లు ఉంది. పరీక్ష చేసి, ఉచితంగా సరిచేయండి. ఏం చేశారో రాసి ఇవ్వండి."

దీని నకలు మీద షోరూము ముద్ర వేయించుకోవాలి. ఫొటోలు, బిల్లు, సర్వీసు పుస్తకం ఒకే సంచిలో దాచాలి.

ఒకప్పుడు చూపించిన చోట వేలిముద్ర వేసేవాళ్ళు. ఇప్పుడు చదవడం వచ్చింది, అంకెలు వచ్చాయి. కొత్త బండి తెచ్చుకునే రోజు నిమ్మకాయలతో పాటు ఒక టేపు, ఒక నోటు పుస్తకం కూడా పట్టుకుపోవాలి. "ఒరిగినట్టుందే?" అని ఇంటి ఇల్లాలు అంటే, ఆ మాట కొట్టిపారేయకుండా టేపు రెండో కొన ఆమె చేతికి ఇవ్వాలి.