ఖర్జూరపు తోటలో ఎర్రముక్కు పురుగు



యానాంలో ఉన్నా, గంజాం తీరాన ఉన్నా, హోసూరు వైపు ఉన్నా, పెరట్లో కొబ్బరి చెట్టున్న వారికి ఎర్రముక్కు పురుగు కొత్త కాదు. నిన్నటిదాకా పచ్చగా ఉన్న చెట్టు చిన్న గాలికే విరిగి పడిపోయిందంటే చాలాసార్లు దాని పనే. దక్షిణాసియా, ఆగ్నేయాసియా దీని పుట్టిల్లు. కానీ గడచిన నలభై ఏళ్ళలో ఈ పురుగు సముద్రం దాటి వెళ్ళి, ఎడారి దేశాల ఖర్జూరపు తోటలకు పెద్ద ఉపద్రవమైంది. ఆ కథ మనకూ పనికివస్తుంది.

ముందు ఖర్జూర చెట్టు సంగతి చెప్పుకుందాం. దాని తల నిప్పుల్లో, కాళ్ళు నీళ్ళలో ఉండాలని అరబ్బు దేశాల్లో ఒక నానుడి. పండు పక్వానికి రావడానికి మండే ఎండ కావాలి, వేరుకు నీరు కావాలి. అందుకే ఎడారిలో ఊట ఉన్నచోట ఖర్జూర వనాలు వెలిశాయి. ఖర్జూరాల నీడన దానిమ్మ, అంజూర చెట్లు, వాటి కింద కూరగాయలు, పశువుల మేత. పై గొడుగు పోతే కింద ఉన్నవన్నీ మాడిపోతాయి. అక్కడ ఖర్జూరం ఒక్క పంట కాదు, ఊరికంతటికీ ఆధారం.

ఈ చెట్టును తినే పురుగులు ఎడారిలో మొదటినుంచీ ఉన్నాయి. ఆకులకు అంటుకుని రసం పీల్చే తెల్ల పొలుసు పురుగులు ఉన్నాయి, వాటిని తినే అక్షింతల పురుగులూ ఉన్నాయి. ఒమన్, ఇరాక్ దేశాల్లో దుబాస్ అనే చిన్న పురుగు వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి పుట్టుకొచ్చి ఆకులమీద తేనెలాంటి జిగురు విడుస్తుంది. దానిమీద దుమ్ము పేరుకుని, నల్లని బూజు పట్టి, కాపు తగ్గుతుంది. అయితే ఇవి చెట్టు పైపైన బతికేవి. రైతు కంటికి కనబడతాయి.

ఎర్రముక్కు పురుగు అలా కాదు. ఇది 1985లో ఐక్య అరబ్ ఎమిరేట్సులో, 1987లో సౌదీ అరేబియాలో కనిపించింది. 1990ల్లో ఈజిప్టు, స్పెయిన్ దేశాలకూ చేరింది. తల్లి పురుగు మట్ట నరికిన గాయంలోనో, పిలక తీసిన చోటనో గుడ్లు పెడుతుంది. ఒక్క పురుగు రెండు మూడు వందల గుడ్లు పెట్టగలదు. మూడు రోజులకు పిల్ల పురుగులు బయటికొచ్చి, లోపలి మెత్తని భాగం తొలుచుకుంటూ పోతాయి. బాగా ఎదిగాక పీచుతో గూడు అల్లుకుని, అందులోనే రెక్కల పురుగుగా మారతాయి. బయట ఎండ ఎంత మండినా చెట్టు లోపల వాటికి చల్లదనం, తిండి, తేమ అన్నీ దొరుకుతాయి. ఎడారి వేడిమి వాటిని ఆపలేకపోయింది అందుకే.

మరి అంత దూరం ఎలా వెళ్ళింది? ఎగిరి కాదు, ముఖ్యంగా మొక్కలతో. ఖర్జూరపు గింజ నాటితే తల్లి చెట్టు రకం రాదు. పైగా అందులో సగం పోతు చెట్లే కావచ్చు. అందుచేత మంచి రకం కావాలన్న రైతు మొదట్లో వచ్చే పిలక తెచ్చి నాటుకుంటాడు. పురుగు పట్టిన పిలకకూ, ఆరోగ్యంగా ఉన్న పిలకకూ పైకి తేడా తెలియదు. లారీ ఎక్కి, ఓడ ఎక్కి, పిలకతోపాటు పురుగూ ప్రయాణం చేసింది.

తాటి, కొబ్బరి, ఖర్జూర జాతుల్లో మొవ్వు ఒక్కటే ఉంటుంది. వేపకో మామిడికో కొమ్మ నరికితే పక్కనుంచి చిగురు వేస్తుంది. ఈ చెట్లకు మొవ్వు పోతే ఆ మాను పోయినట్టే. బోదెకు తగిలిన గాయమూ పూడదు. కాబట్టి జబ్బు ఎంత ముందు తెలిస్తే అంత మంచిది. బోదెనుంచి ఎర్రని జిగురు కారడం, నమిలిన పీచు రంధ్రంలోంచి రాలడం, పులిసిన వాసన, చెవి ఆనిస్తే కొరుకుతున్న చప్పుడు, ఇవి గుర్తులు.

1993లో శాస్త్రజ్ఞులు మగ పురుగు విడిచే వాసన పదార్థం ఏమిటో కనిపెట్టారు. దాన్ని బక్కెట్లలో అమర్చి, ఖర్జూరపు పండ్లు, నీళ్ళు వేసి పురుగులను పడతారు. కానీ ఒక్క తోటలో బక్కెట్టు పెట్టి, పక్క తోటను వదిలేస్తే లాభం లేదు. కానరీ దీవులను చూడండి. అక్కడ 2005లో ఈ పురుగు కనబడింది. బయటి మొక్కలను ఆపారు, చెట్లను వరసగా పరీక్షించారు, పట్టిన చెట్లను తొలగించారు. 2016కల్లా పురుగు లేదని ప్రకటించగలిగారు. పచ్చగా కనబడే చెట్టును నరకడానికి ఎవరికీ చేతులు రావు. కానీ లోపల డొల్లయిన చెట్టును ఉంచుకుంటే ఊరంతటికీ ముప్పు.

మనం చేయవలసింది కూడా ఇదే. కొబ్బరి పచ్చి మట్టలు బోదె దగ్గరికంటా నరకకండి, నాలుగు అడుగులు వదలండి. గాయాలకు తారు పూయండి. కొమ్ము పురుగు చేసిన రంధ్రమే ఎర్రముక్కు పురుగుకు దారి అవుతుంది గనుక పెంటకుప్పల్లో దాని పిల్ల పురుగులను ఏరివేయండి. పడిన మానును పెరట్లో వదలకుండా చీల్చి కాల్చండి. పక్కింటివారి చెట్టుమీదా ఒక కన్ను వేయండి, ఎందుకంటే పురుగుకు గట్టూ సరిహద్దూ తెలియవు.